రత్నమాణిక్యం గారి ‘ఆయ్’

నా పేరు తలుపులమ్మ. తుని దగ్గర లోవలో అమ్మవారికి మొక్కుకున్నాక పుట్టానని మా అమ్మ ఆ పేరు పెట్టింది. పేరు నిండా తలుపులే గాని, నేను వెళ్ళిన చోటల్లా అవి మూసే ఉండేవి. చూపు లేని పిల్లకి బడి ఎందుకన్నారు. హాస్టల్లో ఎవరు చూసుకుంటారన్నారు. డిగ్రీ చదివి ఏం చేస్తుందన్నారు. అన్నవాళ్ళందరూ మంచివాళ్ళే, అందరికీ నేనంటే జాలే. నాకు మాత్రం ఈ జాలి పుట్టుకతోనే పడదు. ఒళ్ళు మండుతుంది. కోపిష్టిదాన్నని మా వీధిలో పేరు కూడా ఉంది, దాన్ని నేనెప్పుడూ కాదనలేదు.

1999 వేసవిలో రాజమండ్రిలో బి.ఏ. ఆఖరి సంవత్సరం పరీక్షలు రాస్తున్నాను. రాస్తున్నానంటే, నేను చెబుతుంటే నా పక్కన కూర్చుని ఇంకొకరు రాస్తున్నారు. ఆ రాసిపెట్టేవాళ్ళని స్క్రైబ్ అంటారు. నాకంటే తక్కువ చదివినవాళ్ళే స్క్రైబ్‌గా ఉండాలని యూనివర్సిటీ రూలు. నాకు తెలిసిన ఇంటర్ పిల్లలందరికీ వాళ్ళ పరీక్షలు వాళ్ళకున్నాయి. చివరికి నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు రత్నమాణిక్యం గారే వస్తానన్నారు.

ఆవిడది ఆర్యాపురంలో చిన్న పెంకుటిల్లు. జాకెట్లు కుడతారు. పదో తరగతి పాసయ్యారు, చేతిరాత ముత్యాలకోవ అని అందరూ అంటారు. పుట్టిల్లు ధవళేశ్వరం. వాళ్ళ నాన్న కాలవల మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు, అంటే లాకుల దగ్గర నీళ్ళు వదలడం, కట్టడం ఆయన పని. అందుకే ఆవిడ ఇంట్లో వెంకటేశ్వరస్వామి పక్కన, గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొర పటం కూడా ఉంటుంది. పొద్దున్నే స్వామికి వెలిగించిన అగరొత్తే దొరగారికీ తిప్పుతారు. “దొరగారు లేకపోతే మనకి అన్నం ఎక్కడిది తల్లీ?” అంటారు. నేను నవ్వితే కోప్పడతారు.

ఇక ఆవిడ ‘ఆయ్’ సంగతి చెప్పాలి. మా గోదావరి జిల్లాలవాళ్ళకి అది కొత్తేమీ కాదు. ఎవరేం చెప్పినా విన్నామనడానికి, అలాగేననడానికి, మర్యాదగా ‘ఆయ్’ అంటాం. కొందరు తక్కువంటారు, కొందరు ఎక్కువంటారు. రత్నమాణిక్యం గారు లెక్కాపత్రం లేకుండా అంటారు. కూరగాయలవాడు ధర చెబితే ఆయ్. రేడియోలో వార్తలకి ఆయ్. గుడిలో పూజారి మంత్రం చదువుతుంటే మధ్యలో ఆయ్. మొదట్లో నాకు చిరాకేసేది. పరీక్షకి సాధన మొదలుపెట్టాక తెలిసింది దాని విలువ. నేనొక వాక్యం చెబుతాను. ఆవిడ రాస్తారు. రాయడం అయ్యాక ‘ఆయ్’ అంటారు. అప్పుడు నేను తర్వాతి వాక్యానికి వెళతాను. కలం ఎక్కడుందో నాకు కనపడదు కదా, ఆ మాటే నాకు ఆనవాలు.

సాధన చేసే రోజుల్లో ఆవిడకి ఒకటే చెప్పాను. “పిన్నిగారూ, నేను చెప్పిందే రాయాలండి. ఒక్క అక్షరం మార్చకూడదు.”

“ఆయ్. మరి తప్పని తెలిస్తేనో తల్లీ?”

“తప్పయినా అదే రాయాలి. నాకు తెలిసింది నాది, మీకు తెలిసింది మీది.”

“అదెలా కుదురుతుందమ్మా? కొలత జాకెట్టు ఇరుకుగా ఉంటే, బిగుతైపోద్దండీ అని చెప్పాకే కత్తెర వేస్తాను. చెప్పకుండా ఎప్పుడూ వెయ్యలేదు.”

“ఇక్కడ చెప్పకుండానే వెయ్యాలి. చెప్పారంటే నన్ను పరీక్షలోంచి లేపేస్తారు.”

ఆవిడ చాలాసేపు ఆలోచించి, నా అరచేతిలో చెయ్యి వేసి మాటిచ్చారు. అయినా నాకు నమ్మకం చిక్కలేదు. ఎదుటివాళ్ళు తప్పుచేస్తుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదావిడ.

ఆఖరి పేపరు చరిత్ర. మిగతావన్నీ బాగానే రాశాను. ఈ ఒక్కటీ అయితే బి.ఎడ్. ఎంట్రన్స్ రాయొచ్చు, టీచరు కావచ్చు. కాకపోతే రామచంద్రపురం దగ్గర మా ఊరికి వెళ్ళిపోవాలి. మా నాన్న ముందే తేల్చి చెప్పేశాడు. “ఈ ఏడాదితో సరి. పాసవ్వకపోతే ఇంటికొచ్చి మీ అమ్మ దగ్గర కూర్చుని కనకాంబరాలు కట్టుకో” అన్నాడు. అందులో కోపం లేదు, జాలే ఉంది. నా చేతివేళ్ళకి పూలు కట్టడం బాగా వచ్చు. అందుకే మరీ భయంగా ఉండేది.

అందరూ మేడమీద హాళ్ళలో రాస్తుంటే మమ్మల్ని కింద కెమిస్ట్రీ స్టోర్ రూములో కూర్చోబెట్టారు. నా గొంతు మిగతావాళ్ళకి ఇబ్బందట. ఆ గదిలో యాసిడ్ వాసన, గాజు సీసాల వాసన, మూల ఎక్కడో చచ్చిన బల్లి వాసన. నాకొక స్టూలు, ఆవిడకొక కుర్చీ. బల్ల బదులు చెక్కపెట్టె. చీఫ్ సూపరింటెండెంట్ వీరబ్రహ్మం గారు మా కాలేజీ లెక్చరరే. ఎవరినీ నొప్పించడు, ఎవరికీ సాయపడడు. “నీకు అరగంట ఎక్కువ ఇస్తున్నానమ్మా, అంతా నా రిస్కు మీద” అని ప్రతి పేపరుకీ గుర్తుచేసేవాడు. అది నా హక్కండీ అని ప్రతిసారీ అందామనుకుని ఊరుకునేదాన్ని.

ముందు ప్రశ్నపత్రమంతా ఒకసారి చదివించుకున్నాను. వ్యాసాలు, బిట్లు ఉన్నాయి. బిట్లకి నాలుగు జవాబుల్లో సరైనదాని అక్షరం, పేరు రెండూ రాయాలి. కొట్టివేతలుంటే మార్కు లేదు. అన్నీ నాకు తెలిసినవే. సంతోషంగా బిట్లు మొదలుపెట్టాం. ఆవిడ ప్రశ్న చదవడం, నేను చెప్పడం, ఆవిడ ‘ఆయ్’. బండి గాడిలో పడింది.

సగం బిట్లు అయ్యేసరికి బయట జీపు ఆగింది. స్క్వాడ్ వచ్చిందని మేడమీద ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. కాసేపటికి ఎవరో ఆడపిల్ల ఏడుపు వినిపించింది. స్లిప్పులు దొరికినట్టున్నాయి. రత్నమాణిక్యం గారి ఊపిరి వేగం పెరిగింది. “మనకేం భయం పిన్నిగారూ, చదవండి” అన్నాను.

తర్వాతి బిట్టుకి నేను మొదట ‘బి’ అన్నాను. అనగానే అనుమానమొచ్చింది. “ఆగండి” అని, కాస్త ఆలోచించి ‘సి’ అని చెప్పాను. ఆవిడ రాసి “ఆయ్” అన్నారు.

“ఆపండి!”

గుమ్మంలోంచి మగగొంతు. చెప్పుల చప్పుడు కూడా కాలేదు, ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలీదు. వీరబ్రహ్మం గారు పరుగెత్తుకొచ్చిన రొప్పు వినిపించింది. “స్క్వాడ్ సారమ్మా, లేచి నిలబడండి” అన్నాడు. నేను లేవలేదు.

“ఏందమ్మా ఇది? ఈమె నీకు ఏం చెప్తున్నది?” అన్నాడు ఆ స్క్వాడ్ సారు.

“ఏమీ చెప్పట్లేదండి. నేను చెప్పింది రాస్తున్నారు.”

“నా చెవులతోటి విన్న. నువ్వు ‘బి’ అన్నవు, ఆమె ఊకున్నది. మళ్ళ ‘సి’ అన్నవు, ఆమె ‘ఆయ్’ అన్నది. అంటే కరెక్టు అని చెప్పుడు కాదా?”

ఆయన చెప్పింది చెప్పినట్టే జరిగింది మరి. బయటినుంచి వింటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

వీరబ్రహ్మం గారు సర్దబోయాడు. “ఆయ్, అది కాదండి. మా వైపు అలాగే అంటామండి. ఊతపదమండి. ఈ సారు వరంగల్ నుంచి బదిలీ మీద వచ్చి నెల కూడా కాలేదమ్మా, వారికి తెలీదు. ఆయ్, అంతేనండి.”

“మీరు గూడ ఆయ్ అనబడితిరి! ఇది ఊతపదమో సిగ్నలో నాకెట్ల తెలవాలె? పైన ఒక పిల్లకి దగ్గు ఊతపదమట. ఒకసారి దగ్గితే ఎ, రెండుసార్లు దగ్గితే బి. మాల్ ప్రాక్టీస్ ఫారం తీయండి.”

ఆ ఫారం మీద పేరెక్కితే ఈ ఒక్క పేపరే కాదు, ఈ ఏడాది రాసినవన్నీ రద్దు. మళ్ళీ రాసుకోవడానికి మా నాన్న పంపడు. కనకాంబరాల వాసన నా ముక్కుకి తగిలినట్టయింది.

“పాపం, చూపులేని పిల్లండి” అన్నాడు వీరబ్రహ్మం గారు.

“అందుకే ఒక ఛాన్సిస్తున్న. ప్రశ్న మీరు చదవండి. ఈమె నోరు తెరవద్దు. ఒక్క మాట, ఒక్క సైగ, చేతితోటి తట్టుడు గూడ వద్దు. ఏదన్న జరిగితే ఫారం రాసుడే. నేను పైకి పోయి మళ్ళ వస్త.”

ఆయన వెళ్ళాడు. నేను బిట్లు పక్కన పెట్టి వ్యాసం మొదలుపెడదామన్నాను. వ్యాసంలో అయితే ‘ఎ’లూ ‘బి’లూ ఉండవు, ఎవరూ అనుమానించరు అనుకున్నాను. విజయనగర రాజుల పరిపాలన. నాకు కంఠతా వచ్చు. మొదటి వాక్యం చెప్పాను. ఆగాను. కలం గీరుకున్న చప్పుడు లీలగా వినిపించింది. అది ఆగాక రెండోది చెప్పాను. పర్వాలేదు, ఇలా నెట్టుకురావచ్చు అనుకున్నాను.

అంతలో కరెంటు పోయింది. కిటికీ పక్కనే జనరేటర్ మొదలైంది. గోడలు అదిరిపోతున్నాయి. ఇంక నాకు కలం వినపడదు, ఆవిడ ఊపిరి వినపడదు, నా గొంతే నాకు సరిగ్గా వినపడదు. ఒక వాక్యం చెప్పి ఆగాను. రాశారా? ఎక్కువసేపు ఆగితే టైం పోతుంది. తక్కువసేపు ఆగితే వాక్యం పోతుంది. మరో వాక్యం చెప్పాను. నాయంకరుల గురించి చెబుతుండగా నా మోచేతికి ఆవిడ వేళ్ళు తగిలాయి. ఆగమని కాబోలు.

“అమ్మా, ముట్టుకోవద్దమ్మా!” వీరబ్రహ్మం గారు గుమ్మం దగ్గర్నుంచి కేకేశాడు. “ఆయనొస్తే నా ఉద్యోగం పోతుంది.”

వేళ్ళు తీసేశారు. నేను ఎక్కడ ఆగానో మర్చిపోయాను. “ఎక్కడిదాకా రాశారు పిన్నిగారూ?” అని అడిగాను. జవాబు లేదు. ఆవిడకి తెలుసు, చెప్పకూడదు. నాకు తెలియాలి, వినకూడదు. మనిషి పక్కనే ఉండి కూడా లేనట్టయిపోయింది. చీకటి అంటే అందరూ నన్నడుగుతారు ఎలా ఉంటుందని. నాకు చీకటి తెలీదు, పుట్టినప్పటి నుంచీ ఇదే. కానీ ఆ గదిలో ఆ కాసేపు ఉన్నదే చీకటి అయితే, అది చాలా చెడ్డది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే వీరబ్రహ్మం గారు మళ్ళీ పాపమంటాడు. దాంతో ఏడుపు కాస్తా కోపమైంది.

స్టూలు వెనక్కి తన్ని లేచాను. “ఆ సారుని పిలవండి.”

“ఎందుకమ్మా కోరి కొరివితో తల గోక్కోవడం...”

“పిలుస్తారా, నేనే మెట్లెక్కి వెళ్ళనా?”

స్క్వాడ్ సారు వచ్చేసరికి కరెంటు కూడా వచ్చింది. జనరేటర్ ఆగిపోయాక గది మరీ నిశ్శబ్దంగా అనిపించింది.

“ఏమైంది?” అన్నాడు.

“ఇలా రాయలేనండి. ఆ మాట వినపడకపోతే నాకు కాగితం కనపడనట్టే. పైన హాల్లో వాళ్ళందరి కళ్ళకీ గంతలు కట్టి రాయమంటారా? వాళ్ళు కాపీ కొట్టరని అప్పుడు గ్యారంటీగా చెప్పొచ్చు.”

వీరబ్రహ్మం గారు ‘అయ్యో అయ్యో’ అంటున్నాడు. స్క్వాడ్ సారు మాత్రం అరవలేదు. “అది సాయం కాదని నాకెట్ల నమ్మకం?” అన్నాడు. నిజంగానే అడుగుతున్నాడనిపించింది.

“మీరిక్కడే నిలబడి వినండి. మిగిలిన బిట్లు ఆవిడ చదువుతారు, నేను చెబుతాను, ఆవిడ ఎప్పటిలాగే ‘ఆయ్’ అంటారు. అది సాయమో కాదో మీకే తెలుస్తుంది. సాయమని తేలితే ఫారం రాసుకోండి. ఆ వేలిముద్రేదో నేనే వేస్తాను.”

“కానియ్యి” అన్నాడు.

రత్నమాణిక్యం గారు బిట్టు చదివారు. గొంతు వణుకుతోంది. నేను సరైన జవాబు చెప్పాను. “ఆయ్.” ఇంకోటి. అదీ సరైనదే. “ఆయ్.”

“చూసినవా?” అన్నాడు స్క్వాడ్ సారు. “కరెక్టు చెప్పంగనే అంటున్నది.”

నేను కరెక్టే చెబుతుంటే ఆవిడ దేనికి అంటుందయ్యా అని అరవబోయి ఆగాను. ఆయన పాయింటు అదే. నేను సరైనవి చెప్పినంతకాలం ఆ ‘ఆయ్’కి అర్థమేమిటో ఎవరూ తేల్చలేరు. తేలాలంటే నేను తప్పు చెప్పాలి. తెలిసి తెలిసి తప్పు చెప్పాలి. దానికీ ఆవిడ ‘ఆయ్’ అనాలి.

అలాగని ఏ తప్పయితే ఆ తప్పు చెబితే సరిపోదు. ఏ మొఘల్ చక్రవర్తి గురించో చెబితే, ఈ స్క్రైబుకి అసలు జవాబు తెలీదు కాబట్టి ఆయ్ అందంటాడు. ఆవిడకి జవాబు ఖచ్చితంగా తెలిసి ఉండాలి. తెలుసని ఈయనకీ తెలియాలి. అలాంటి బిట్టు ఆ పేపర్లో ఒక్కటే ఉంది. పొద్దున చదివించుకున్నప్పుడే విని ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడు తర్వాత వచ్చేది అదే.

ముందుగా ఆవిడకి చెప్పడానికి వీల్లేదు. చెబితే పరీక్షే కాదు. పోనీ చేతి మీద తట్టి హెచ్చరిద్దామా అంటే అది సైగ. కత్తెర వేసే ముందు చెప్పకుండా ఉండలేని మనిషి. ‘అదేంటి తల్లీ’ అని ఒక్క ముక్క నోరు జారిందంటే నా చదువు అక్కడితో ఆఖరు. చెప్పనా మాననా అని నా చేతులు రెండూ ఒళ్ళో పిసుక్కుంటున్నాను.

ఆవిడ చదివారు. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి గొంతులో వణుకు పోయి, సొంత ఊరి పేరు పలికే ధీమా వచ్చింది. “ధవళేశ్వరం వద్ద గోదావరి నదిపై ఆనకట్టను నిర్మించినది ఎవరు? ఎ. థామస్ మన్రో. బి. ఆర్థర్ కాటన్. సి. బెంటింక్. డి. డల్హౌసీ.”

“ఎ,” అన్నాను. “థామస్ మన్రో.”

గదిలో ఫ్యాను తిరగడం ఒకటే వినపడుతోంది.

కలం కదల్లేదు. ఆవిడ గాజులు ఒకసారి గలగలమని ఆగిపోయాయి. తర్వాత ఊపిరి గట్టిగా లోపలికి పీల్చిన చప్పుడు. ఆ ఊపిరి నాకు బాగా తెలుసు. జాకెట్టు బిగుతైపోద్దండీ అనే ముందు పీల్చే ఊపిరి అది. లోవ తలుపులమ్మా, ఈ ఒక్క నోరూ మూయించు తల్లీ అని మొక్కుకున్నాను. ఏ తలుపైనా మూసుకుపోవాలని నేను దేవుణ్ణి కోరుకోవడం అదే మొదటిసారి.

స్క్వాడ్ సారు ఒకడుగు ముందుకు వేశాడు. ఆవిడ ముఖంలోకే చూస్తున్నాడని నాకర్థమైంది. ఆ ముఖంలో ఏం కనపడుతోందో నాకు తెలీదు. నా ముఖం మాత్రం రాయిలా పెట్టుకున్నాను.

కలం మూత తీసిన చప్పుడు. ఎప్పుడు పెట్టారో మరి, భయంలో మూత పెట్టేసినట్టున్నారు. తర్వాత కాగితం మీద గీత మొదలైంది. ఒక్కో అక్షరం ఆగి ఆగి రాస్తున్నారు. అంత చిన్న పేరుకి అంతసేపు ఎవరికీ పట్టదు. మధ్యలో ఒకసారి ముక్కు ఎగబీల్చారు. చివరికి కలం ఆగింది.

“ఆయ్.”

ఎంత చిన్నగా అన్నారో, పక్కనున్న నాకే సగం వినపడింది. కానీ అన్నారు.

స్క్వాడ్ సారు వంగి పేపరు చూసినట్టున్నాడు, కాగితం రెపరెపలాడింది. “మన్రో అనే రాసింది” అన్నాడు వీరబ్రహ్మం గారితో. “ఈ ఊర్ల ఏ సెంటర్ల చూసినా ఆ దొర బొమ్మే ఉన్నది. ఈమెకు తెల్వకుండ ఉండదు. తెలిసి గూడ ఆ పిల్ల చెప్పిందే రాసింది. సరే, సాయం చేస్తలేదు. ఫారం వద్దు.”

అక్కడితో వెళ్ళిపోతే బాగుండేది. కానీ ఆయన నా దగ్గరికొచ్చి నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

“ఊరంతా ఆ నీళ్ళే తాగుతున్నది గద బిడ్డా, ఆ పేరు గూడ తెల్వకపాయె నీకు? పోనీలే, కళ్ళు లేవు, నువ్వు మాత్రం ఎంత చదువుతవ్.”

కాటన్ పుట్టిన ఏడాది దగ్గర్నుంచి చెప్పగలను. ఆనకట్ట రాయి ఎక్కడి కొండది, పని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పూర్తయింది, కూలీలు ఎక్కడెక్కడి నుంచి వచ్చారు, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. కావాలనే తప్పు చెప్పానయ్యా అన్నానంటే, ఇద్దరూ కూడబలుక్కుని నాటకమాడారంటాడు. అప్పుడు మళ్ళీ మొదటికొస్తుంది. దొంగను కాదని ఒప్పించుకున్నాను, బదులుగా మొద్దునని ఒప్పుకోవాలి. నా పాతికేళ్ళ కోపాన్నీ గుటక వేసి మింగాను. అంత కష్టమైన పని నేను మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు.

ఆయన గుమ్మం దాకా వెళ్ళి, “పాపం, ఇంకో పావుగంట ఎక్కువియ్యండి” అన్నాడు.

“పాపమని ఇవ్వొద్దండి,” అన్నాను. ఇది మాత్రం మింగలేకపోయాను. “మీవల్ల పోయింది కాబట్టి ఇవ్వండి.”

గుమ్మం దగ్గర అడుగులు ఆగాయి. నాలుక కరుచుకున్నాను. అయిపోయిందనుకున్నాను. “నిజమే,” అన్నాడాయన. “పోయిన టైం ఇయ్యండి.” చెప్పులు మెట్లెక్కి వెళ్ళిపోయాయి. ఆ ఒక్క మాటకి ఆయన మీద కోపం కొంచెం తగ్గింది, పూర్తిగా కాదు.

వీరబ్రహ్మం గారు వరండా వైపు తిరిగి గట్టిగా దగ్గుతున్నాడు. అటు తిరగడమే ఆ రోజు ఆయన మాకు చేసిన సాయం. రత్నమాణిక్యం గారు వెక్కివెక్కి ఏడుస్తున్నారు.

“పొద్దున్నే ఆయన పటానికి అగరొత్తి తిప్పి వచ్చానమ్మా. ఇదే చేత్తో ఇంకొకడి పేరు రాశాను. మా నాన్నకి తెలిస్తే నన్ను గుమ్మం తొక్కనివ్వడు. నువ్వేంటమ్మా, నీకు తెలీదా? పొద్దున నువ్వే కదా నవ్వావు?”

“తెలుసండి. అందుకే చెప్పాను.”

ఆవిడకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఏడుపు ఆగింది. “అయితే కొట్టేసి దిద్దెయ్యనా?” అన్నారు గుసగుసగా.

“వద్దండి. ఆయన చూసిన కాగితం అది. దిద్దితే మళ్ళీ దొంగలమే. అలాగే ఉండనివ్వండి.”

మేడమీద ఎన్ని హాళ్ళున్నాయో, ఎందరు రాస్తున్నారో నాకు తెలీదు. వాళ్ళలో ఒక్కరికి కూడా, తమ జవాబులు తమవేనని చూపించుకోడానికి, తెలిసిన జవాబు తప్పు రాయాల్సిన అవసరం రాలేదు. అది మాత్రం నాకు తెలుసు. ఆ ఒక్క మార్కూ పోయినందుకు కాదు, అందుకు మండింది నాకు.

మిగిలిన బిట్లు పూర్తిచేశాం. ఆవిడ రాస్తున్నారు గాని ‘ఆయ్’ అనడం లేదు. అనమని అడిగితే, “భయమేస్తోందమ్మా, ఆయన మెట్ల మీదే ఉన్నాడేమో” అన్నారు. తర్వాతి ప్రశ్న చదవడాన్ని బట్టి బిట్లకి ఎలాగో గడిచింది. విజయనగరం వ్యాసం ముక్కలు ముక్కలుగా ఉంది, దాన్ని అతికించుకుంటూ ముగించాం. ఆఖరి వ్యాసం మిగిలింది. ఇచ్చిన రెండింట్లో ఏదో ఒకటి రాయొచ్చు. ఒకటి భూదాన ఉద్యమం. రెండోది గోదావరి డెల్టాలో నీటిపారుదల.

“రెండోదే,” అన్నాను. “పిన్నిగారూ, ఇది మాత్రం మీరు ‘ఆయ్’ అనకపోతే నేను చెప్పను.”

“తల్లీ, ఆయన...”

“వింటే విననివ్వండి. ఆయనే ఒప్పుకుని వెళ్ళాడు. ఇంక దాన్ని ఎవరూ ఆపడానికి లేదు. రాయండి.”

ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. కాగితం కొత్త పేజీకి తిప్పారు. చెక్కపెట్టె మీద దాన్ని చేత్తో సాపు చేసిన చప్పుడు వినిపించింది.

“ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించి, ఈ డెల్టాకి అన్నం పెట్టినవాడు సర్ ఆర్థర్ కాటన్,” అని చెప్పాను.

ఈసారి కలం ఎక్కడా ఆగలేదు. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి ఎంత గట్టిగా ఒత్తి రాశారంటే, కింద చెక్క కిర్రుమంది. ఒకే చేతిరాతలో ముందు పేజీలో మన్రో, ఈ పేజీలో కాటన్ అని ఉంటే ఆ పేపరు దిద్దేవాళ్ళు ఏమనుకుంటారో అనుకున్నాను. ఏమైనా అనుకోనీ.

“ఆయ్!” అన్నారు రత్నమాణిక్యం గారు.

ఎంత గట్టిగా అన్నారంటే, వరండాలో వీరబ్రహ్మం గారి దగ్గు ఆగిపోయింది. మేడమీదకి కూడా వినిపించే ఉంటుంది. వినిపించాలనే అన్నారావిడ.